దేవదూతలకు పోగా మిగిలింది

ఫ్రాన్స్‌లోని కోన్యాక్ పట్టణంలో పాత గోదాముల గోడలు మసిబారినట్టు నల్లగా ఉంటాయి. అది పొగ కాదు, ఒక రకం బూజు. లోపల ఓక్ పీపాల్లో నిలవున్న బ్రాందీ ఏటా రెండు శాతం వరకు ఆవిరైపోతుంటుంది. ఆ ఆవిరి తగిలిన చోటల్లా ఈ బూజు పెరుగుతుంది. అలా గాల్లో కలిసిపోయేదాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు.

ఊరి పేరుతోనే కోన్యాక్ అని పిలిచే ఈ బ్రాందీ కోసం పుల్లటి, పల్చటి తెల్ల వైన్‌ని రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. ద్రాక్ష కోసిన మరుసటి మార్చి 31లోగా ఆ పని ముగించాలన్నది నియమం. బట్టీ నుంచి దిగే సరుకు నీళ్లలా తేటగా, దాదాపు 70 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ఆ తర్వాత వచ్చే రుచిలో, వాసనలో చాలా భాగం చెక్కదీ, కాలానిదీ. సీసా మీద వీఎస్ఓపీ అని వేయాలంటే పీపాలో కనీసం 4 ఏళ్లు, ఎక్స్ఓ అని వేయాలంటే 2018 నుంచి 10 ఏళ్లు ఉండాలి. అదీ కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. స్కాచ్ సీసా మీది అంకెకూ లెక్క ఇదే. స్కాట్లండ్ చలిలో నెమ్మదిగా తరిగే విస్కీ బెంగళూరు వేడికి ఏటా పదో వంతు దాకా తరిగిపోతుంది. అందుకే అక్కడి అమృత్ విస్కీలు తక్కువ ఏళ్లకే పక్వానికి వస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆవకాయ జాడీలో ఊరినట్టు బ్రాందీ సీసాలో ఊరదు. గాజులోకి దిగిన రోజే దాని వయసు ఆగిపోతుంది. కూతురి పెళ్లికని బీరువాలో ఇరవై ఏళ్లు దాచిన పన్నెండేళ్ల విస్కీ పన్నెండేళ్లదే. దాచడం వల్ల పెరిగేది మన ఆశ మాత్రమే.

కాబట్టి తెరవండి, నలుగురిని పిలవండి. అంచు లోపలికి వంగిన చిన్న గ్లాసులో తలా అర పెగ్గు చాలు. ఐస్, సోడా పక్కన పెట్టండి. గ్లాసులోకి ముక్కు దూర్చేస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ అందదు. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని మెల్లగా పైకి తెండి. ముందు పూలు, పళ్లు, కాసేపటికి వెనిలా, చెక్క. బాగా పాత కోన్యాక్‌లో అక్రోటు, పుట్టగొడుగు లాంటి వాసన వస్తుంది. దాన్ని రాన్సియో అంటారు. పాతికేళ్ల ఓపిక ఉన్న పీపా ఇవ్వగలిగిన దానిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

అందరూ వాసన చూసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఒకరు “తేనె” అన్నారంటే మిగతా ముగ్గురి ముక్కుకూ తేనే తగులుతుంది. రెండు గుక్కలు నోట్లో తిప్పుకున్నాక, ఘాటైన విస్కీ అయితే నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడండి. మూసుకుని ఉన్న వాసనలు విచ్చుకుంటాయి. పొగ వాసన విస్కీని చివరికి ఉంచండి, దాని తర్వాత నాలుకకు సున్నితమైనవేవీ తెలియవు. ఖాళీ గ్లాసులు ఆ రాత్రి కడగొద్దు. పొద్దున వాసన చూస్తే చెక్క ఒక్కటే మిగిలి ఉంటుంది.

మిగిలిన సీసాను నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. మట్టం తగ్గేకొద్దీ లోపల గాలి పెరిగి రుచి చప్పబడుతుంది. పావు సీసాకు వచ్చాక చిన్న సీసాలోకి ఒంపుకోవాలి, లేదా ఆ నెలలోనే మళ్లీ నలుగురిని పిలవాలి.