గోధుమల రూపాయలు, గ్రంథాల బీరువాలు: ఒక ఉభయదేశ సాంస్కృతిక కేంద్రం చెప్పే పాఠం

సూరత్ నగరంలో అడాజన్ తాపీ నదికి ఒక ఒడ్డు. పాత కోట, బందరు బజారులు మరొక ఒడ్డు. ఆ ఒడ్డున 1613లో ఆంగ్లేయులు, 1668లో ఫ్రెంచివారు వర్తక స్థావరాలను నెలకొల్పారు. తెలుగుతీరాన మచిలీపట్నంలో ఆ రెండు జాతులే 1611లోనూ, 1669లోనూ అడుగుపెట్టాయి. పరదేశీయుల కొఠీ మన నేలమీదే ఉండేది. కాని అక్కడ ఏమి కొనాలో, ఏమి అమ్మాలో నిర్ణయించేది సముద్రాల కావల ఉన్న కంపెనీ. నేటి ఉభయదేశ సాంస్కృతిక కేంద్రాలను అంచనా కట్టేటప్పుడు ఈ చరిత్రను విస్మరించరాదు. నిర్ణయం ఎవరిది, వ్యయం ఎవరిది, భాష ఎవరిది అన్న మూడు ప్రశ్నలే వాటికి సరైన గీటురాళ్లు.

1883లో పారిస్‌లో ఆవిర్భవించిన అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఈ విషయంలో ఒక మార్గం చూపింది. ఏ ఊరిలోని శాఖ ఆ ఊరి చట్టాల ప్రకారం ఏర్పడిన స్థానిక సంఘంగా ఉండటం దాని పద్ధతి. జర్మన్‌వారు భారతదేశంలోని తమ కేంద్రాలకు మాక్స్ ముల్లర్ పేరు పెట్టుకున్నారు. సాయణభాష్య సహితంగా ఋగ్వేదాన్ని పరిష్కరించిన ఆ పండితుడు ఈ దేశాన్ని కంటితో చూడనే లేదు. పుస్తకమే ఆయనను ఇక్కడివాణ్ణి చేసింది.

తెలుగువారికి ఈ కోవలో అత్యంత సన్నిహితమైన ఉదాహరణ, 1964లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. దీని వెనుక రెండు ఘట్టాలున్నాయి. 1950 ఫిబ్రవరి 2న ఉభయ ప్రభుత్వాల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద మనం దిగుమతి చేసుకున్న గోధుమలకు రూపాయలలోనే మూల్యం చెల్లించాము. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే పోగుపడ్డాయి. వాటిలో కొంత భాగం విద్యా సాంస్కృతిక కార్యక్రమాలకు వెచ్చించబడింది. కరవుకాలపు తిండిగింజల మూల్యం గ్రంథాల రూపం ధరించడం చరిత్రలోని ఒక విచిత్రం.

ఈ కేంద్రం సాధించినది తక్కువేమీ కాదు. అమెరికా వెలుపల ఆ దేశానికి సంబంధించిన గ్రంథ సంచయాలలో పెద్దవాటిలో ఒకటిగా దీని గ్రంథాలయం పేరుపొందింది. దేశం నలుమూలల నుండి అధ్యాపకులు, పరిశోధకులు వచ్చి ఇక్కడ బసచేసి చదువుకున్నారు. విదేశయానానికి స్తోమత లేని చిన్న పట్టణపు ఉపన్యాసకునికి ఇది కల్పించిన అవకాశం అమూల్యం. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు ప్రచార ప్రయోజనం దీనికి పుట్టుకలోనే ఉన్నదనే విమర్శ నిరాధారం కాదు. అయితే బీరువాలోని పుస్తకం దాతకు విధేయంగా ఉండదు. అమెరికా ప్రభుత్వాన్ని నిశితంగా ఖండించిన అమెరికన్ రచయితలు కూడా ఆ దేశ సాహిత్యంలో భాగమే కదా!

అసలు లోపం మరొకచోట ఉంది. తెలుగు నేలమీద నిలిచిన ఈ సంస్థ వ్యవహారమంతా ప్రధానంగా ఆంగ్లంలోనే సాగింది. దాని పత్రిక ఆంగ్లంలోనే వెలువడింది. ప్రాంగణం బయటి తెలుగు పాఠకునికి ఆ విజ్ఞానం చేరే దారి సన్ననిది. చిత్రమేమంటే, ఎదురు ప్రవాహం అదే రూపాయలతో ఆ దేశంలో తెలుగుకు చోటు కల్పించింది. 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరచిన అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భారతీయ భాషల పుస్తకాలను కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. వెల్చేరు నారాయణరావు 1971లో తెలుగు బోధించడానికి వెళ్లిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆ పుస్తకాలందుకున్న వాటిలో ఒకటి. వారు మన భాషను మన భాషగానే భద్రపరిచారు. మనం వారి విజ్ఞానాన్ని మన భాషలోకి తెచ్చుకోలేకపోయాము. ఈ నింద దాతపై మోపదగినది కాదు.

1974లో ఆ రూపాయల నిధిలో అధికభాగాన్ని అమెరికా మాఫీ చేసింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసిన పిదప, 1999లో ఆ దేశ సమాచార సంస్థయే రద్దయింది. హైదరాబాదు కేంద్రం మొదట ఇండో-అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా పేరు మార్చుకున్నది. నామఫలకం నుండి పరదేశం పేరు తొలగిపోయింది. బాధ్యత మనదిగా మిగిలింది. ఒకరి నిధితో నడిచినంతకాలం ఉభయదేశీయత ఒక మర్యాదపదం మాత్రమే. ఫుల్‌బ్రైట్ కార్యక్రమంలో భారతదేశం సమాన వ్యయభారం వహించే విధంగా 2008లో కుదిరిన ఒప్పందం ఆ మాటకు అర్థం కల్పించింది.

సూరత్‌లో తెలంగాణ నుండి వలస వచ్చిన నేత కుటుంబాల పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతున్నది. అక్కడ రెండు దేశాలు లేవు, రెండు ప్రాంతాలు మాత్రమే ఉన్నాయి. సూత్రం మాత్రం అదే. ఆతిథ్యమిచ్చినవారు అతిథి భాషకు చోటిచ్చారు. హైదరాబాదు కేంద్రంలోని గ్రంథాలలో కొన్నింటినైనా ఏటేటా తెలుగులోకి తెచ్చే బాధ్యతను మన విశ్వవిద్యాలయాలు స్వీకరిస్తే, ఆనాటి గోధుమల ఋణం నిజంగా తీరినట్లవుతుంది.