రేఖాంశ భేదం: సూత్రం చెప్పని సంగతులు

ఉన్నత పాఠశాలల్లో రేఖాంశ భేదాన్ని సాధారణంగా ఒక్క సూత్రంతో ముగిస్తారు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అనగా డిగ్రీకి 4 నిమిషాలు. రెండు ప్రదేశాల కాలభేదాన్ని నిమిషాలలో తీసుకొని 4 చేత భాగిస్తే రేఖాంశ భేదం లభిస్తుంది. సూత్రం నిర్దుష్టమే. కాని అది ఏ కాలమో విద్యార్థికి చెప్పకపోవడం పెద్ద లోపం.

ఖమ్మం జిల్లాలోని ముదిగొండను తీసుకొందాం. దాని రేఖాంశం సుమారు 80¼ డిగ్రీలు. అక్కడి గడియారం చూపేది ముదిగొండ కాలం కాదు. కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖకు చెందిన భారత ప్రామాణిక కాలం. భద్రాచలంలోనూ గడియారం అదే చూపుతుంది. ఆ గడియారాలను నమ్మితే రెండు ఊళ్ల మధ్య భేదం సున్న! కావలసినది స్థానిక కాలం. దానిని సూర్యుని బట్టి తెలుసుకోవాలి.

అక్కడ మరొక చిక్కు ఉన్నది. సూర్యుడు ఏడాది పొడుగునా గడియారంతో సమంగా నడవడు. నవంబరు మొదటి వారంలో సుమారు 16 నిమిషాలు ముందుంటాడు. ముదిగొండలో సగటు మధ్యాహ్నం 12 గంటల 9 నిమిషాలకు కావలసి ఉండగా, ఆ రోజుల్లో కర్ర నీడ 11 గంటల 53 నిమిషాలకే అతి పొట్టిదవుతుంది. ఈ సవరణ ఎరుగని విద్యార్థి లెక్కకు 84¼ డిగ్రీలు వస్తుంది. పరిశీలన సరియైనదే, ఊరు మాత్రం బంగాళాఖాతంలో పడింది!

ఒకే రోజున రెండు ఊళ్లలోనూ నీడ చూస్తే ఈ దోషం రెండింటా సమానమై కొట్టుకుపోతుంది. అయితే ఒక్క నిమిషం పొరపాటు సుమారు 27 కిలోమీటర్లకు సమానం. ముదిగొండ, భద్రాచలాల కాలభేదం రెండున్నర నిమిషాలే కనుక, ఇంకా దూరపు ఊళ్లను ఎన్నుకోవడం మేలు.

మద్రాసు వేధశాల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. మద్రాసు కాలం గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందని, అనగా రేఖాంశం 80 డిగ్రీల 18½ నిమిషాలని చాలాకాలం లెక్కించారు. తంతి సంకేతాలతో సరిచూడగా అది సుమారు 80 డిగ్రీల 15 నిమిషాలని తేలింది. కాలంలో తేడా 14 సెకండ్లు; నేలమీద ఆరు కిలోమీటర్లకు పైమాట. 1802లో లాంబ్టన్ మద్రాసు వద్ద ఆరంభించిన త్రికోణ సర్వేలో ఊళ్ల మధ్య భేదాలు ఇందువల్ల చెడలేదు. పటమంతా ఒక్క తీరున పక్కకు జరిగింది.

భేదం వేరు, స్థానం వేరు. ఈ వివేచన లేని పాఠం భాగహారం నేర్పుతుంది గాని భూగోళం నేర్పదు.