పత్రికకు పాఠకుడెవరు?

పత్రికల గురించి మాట్లాడేటప్పుడు “పాఠకుల ఆదరణ” అన్న మాటను ధారాళంగా వాడేస్తాం. ఆ పాఠకుడెవరన్న ప్రశ్న మాత్రం వేసుకోం. చందా కట్టగలవాడు, సంపాదకుడికి ఉత్తరం రాయగలవాడు, తన అభిమాన నటుణ్ణి విమర్శిస్తే తగవుకు రాగలవాడు పాఠకుడని మన పత్రికలు తీర్మానించుకున్నాయి. నెల్లూరు జిల్లా ఒకసారి ఈ తీర్మానాన్ని తలకిందులు చేసింది.

నెల్లూరుకు పత్రికలు కొత్తవి కావు. నెల్లూరు వెంకటరామానాయుడుగారి “జమీన్ రైతు” వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలబడింది. అదే వారపత్రిక సినిమాలను మొగమాటం లేకుండా తూచేది కూడా. రాజకీయం, వినోదం ఒకే పాఠకుడివని ఎరిగిన పత్రిక అది. తర్వాత వచ్చిన పెద్ద దినపత్రికలకూ ఈ సంగతి తెలుసు, కాని వాళ్లు తెలుసుకున్న తీరు వేరు. 1982లో రామారావుగారు పార్టీ పెట్టినప్పుడు “ఈనాడు” పాఠకుడితో వాదించలేదు. ప్రేక్షకుడిగా ఉన్నవాణ్ణి ఓటరుగా మలిచింది.

అసలు పరీక్ష 1992లో వచ్చింది. అక్షరదీపం సాక్షరతా కేంద్రాల్లో “సీతమ్మ కథ” అనే పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. వాళ్లు ఏ పత్రికకూ చందాదారులు కారు. చాలామంది అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. మిగిలినవాళ్లు ఎవరైనా చదివి వినిపిస్తే వినేవాళ్లు. అయినా ఆ నెలల్లో ఈనాడు వాళ్ల కోసం పేజీలు విప్పింది. పక్క ఊళ్లో ఏం జరిగిందో విని మరో ఊరు కదిలింది. చదవలేనివాళ్లు పత్రిక చేత తమ మాట రాయించారు. దీన్ని పత్రిక ఉదారతగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. అదే కాలంలో, సినీ దర్శకుడు దాసరి నారాయణరావు స్థాపించిన “ఉదయం” మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. యాజమాన్యం ఏ సరుకు అమ్ముతుందో చూడకుండా “పత్రికా స్వేచ్ఛ” గురించి తరగతిలో పాఠం చెప్పేవాళ్లం మనం!

1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 1997లో దాన్ని సడలించారు. ఆ వేళ ఆ స్త్రీల మాటకు 1992 నాటి చోటు దక్కలేదని నా జ్ఞాపకం. అవసరం తీరిన పాఠకులు మళ్లీ వార్తలోని మనుషులయ్యారు.

తీరం వైపు వస్తే పాఠకులు కాగలిగే ఆ కొద్దిరోజుల అదృష్టం కూడా లేనివాళ్లు యానాదులు. వీళ్లలో కొందరిని ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద చేర్చింది. ఆ చట్టం 1952లో రద్దయింది. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా వాళ్ల కోసం పనిచేశారు, 1962లో వాళ్లపై పుస్తకం వెలువరించారు, కాని ఇంగ్లీషులో. శ్రీహరికోట (2022 దాకా అది నెల్లూరు జిల్లాయే) రాకెట్ కేంద్రమైనప్పుడు దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు చోటు వదలవలసి వచ్చింది. రాకెట్ లేచిన ప్రతిసారీ పత్రికలు జాతి గర్వాన్ని మొదటి పేజీలో పరుస్తాయి. ఆ నేల ఎవరిదని అడిగే ఉత్తరం లేఖల శీర్షికలో నా కంటపడలేదు. రాసేవాడికి చిరునామా కావాలి కదా.

తీరంలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక యానాది పిల్లవాడు రాకెట్ వార్త పైకి చదివి, “మా వాళ్ల గురించి ఏ పేజీలో వేస్తారు సార్?” అని అడిగాడు. జిల్లా పేజీ తీసి ఇచ్చాను. వెతికి వెతికి చివరికి కనుక్కున్నాడు. దొంగతనం కేసు. పేరు పక్కనే కులం కూడా వేశారు.