ఏ పుస్తకము, ఎవరికి? – ఐదు శాస్త్ర గ్రంథముల పరిశీలన

"అయ్యా, పాఠ్యపుస్తకము కాక మరి ఏ పుస్తకము చదువమందురు?" అని విద్యార్థి ఉపాధ్యాయుని అడుగుట కద్దు. దీనికి జవాబుగా పది పేర్లు చెప్పుట సులభము. తప్పక చదువదగిన గ్రంథముల పట్టికలకు ఏనాడును కొదువ లేదు. ఐతే అట్టి పట్టికలు పుస్తకము గొప్పదని చెప్పునే గాని, అది ఎవరికి తగినదో చెప్పవు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఆ మాట నమ్మి పుస్తకమును తెచ్చుకొని, పది పుటలు చదివి, అర్థముగాక మూసివేసెననుకొందము. లోపము పుస్తకముదని గాని, సూచించినవారిదని గాని అతడు తలంపడు. తనకే శాస్త్రము రాదని తలంచును. మరల గ్రంథాలయము వైపు పోడు. తగని సూచన వలన కలుగు నష్టము ఇంతటిది.

తగిన పుస్తకము చేతికందినచో ఏమగునో తెలుపు ఉదాహరణము శాస్త్ర చరిత్రలో కలదు. మైకేల్ ఫారడే (1791–1867) ఒక కమ్మరి కుమారుడు. బడిచదువు చాల కొద్ది. 1805లో లండనులో పుస్తకములకు బైండింగు చేయు దుకాణమున పని నేర్చుకొనుటకు చేరి, ఏడేండ్లు అక్కడ ఉండెను. బైండింగునకు వచ్చిన పుస్తకములను కుట్టుటతో ఆగక చదువుచుండెను. జేన్ మార్సెట్ అను విదుషి 1806లో ప్రకటించిన 'రసాయనశాస్త్ర సంభాషణలు' వానిలో ఒకటి. ఒక ఉపాధ్యాయిని ఇద్దరు బాలికలతో మాటలాడుచున్నట్లు అందులో విషయము బోధింపబడినది. ఫారడే ఆ పుస్తకమును చదివి నమ్మి ఊరకుండలేదు. తన కొద్ది డబ్బుతో చేయగలిగిన చిన్న ప్రయోగములు చేసి, పుస్తకములోని మాట నిజమగుట కన్నులార చూచి, పిదపనే దానిని గట్టిగా పట్టుకొనెను. ప్రసిద్ధుడైన తరువాత 1858లో ఒక లేఖలో ఈ సంగతి ఆయనయే వ్రాసెను.

మార్సెట్ గ్రంథము అతనికి ఎందుకు పనికివచ్చినది? అది రసాయనశాస్త్రము బొత్తిగా తెలియనివారి కొరకు వ్రాయబడినది. చదువుటతో పాటు చేసిచూచుటకు తగిన పని అందులో కలదు. అంతేగాక, క్రొత్త విషయములు తెలిసిన కొలది రచయిత్రి దానిని సవరించుచు వచ్చెను. 1853 నాటికి ఇంగ్లండులో 16 ముద్రణలు వెలువడినవి.

కాబట్టి శాస్త్ర గ్రంథమును సూచించువారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. ఇది ఎవరికి? దీనిని చదువుచు ఏమి చేయవలెను? ఇందులో పాతబడినది ఏది? గ్రాములో కిలోలో చెప్పక అంకె మాత్రము చెప్పిన తూకమెట్టిదో, ఈ మూడును చెప్పని సిఫారసు అట్టిది. వేర్వేరు శాస్త్రములకు చెందిన ఐదు పుస్తకములను ఈ ప్రశ్నలతో పరీక్షించి చూడవచ్చును.

క్రొవ్వొత్తి

మొదటిది ఫారడే ఉపన్యాసములే. 1860–61 క్రిస్మసు సెలవులలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికలకు ఆయన ఇచ్చిన ఆరు ఉపన్యాసములను విలియమ్ క్రూక్స్ పరిష్కరించగా 1861లో 'ది కెమికల్ హిస్టరీ ఆఫ్ ఎ కాండిల్' అను పుస్తకము వెలువడినది. విషయమంతయు ఒక్క క్రొవ్వొత్తి. మంట నడుమ వత్తిచుట్టు నల్లగా కనబడు భాగమున సన్నని గాజుగొట్టపు కొన ఉంచినచో, మైనపు ఆవిరి గొట్టము గుండ వెలుపలికి వచ్చును. రెండవ కొనవద్ద నిప్పు చూపినచో అక్కడను చిన్న మంట లేచును. అనగా మండునది గట్టి మైనము కాదు, దాని ఆవిరి. చల్లని పాత్రను మంటపై పట్టినచో నీటి బిందువులు ఏర్పడును. మండగా వచ్చిన వాయువు సున్నపు తేటను తెల్లబరచును. ఇట్లు ఒక్కొక్క మెట్టే ఎక్కుచు, చివరి ఉపన్యాసమున మన ఉచ్ఛ్వాస నిశ్వాసములకును క్రొవ్వొత్తి మండుటకును గల పోలికను ఫారడే చూపును.

ఇందులో పాతబడినది లేకపోలేదు. బొగ్గుపులుసు వాయువును ఆయన కార్బానిక్ ఆమ్లమనియే పిలుచును. నీటిలో తూకమును బట్టి ఉదజని 1 పాలు, ఆమ్లజని 8 పాళ్లు అను మాట నేటికిని నిజమే. కాని ఆమ్లజనికి ఆ 8నే అంకెగా గ్రహించి ఆయన లెక్క నడపెను. నీటి అణువున ఉదజని పరమాణువులు రెండు గనుక, ఆమ్లజని పరమాణుభారము 16 అని నేటి విద్యార్థి చదువును. పరమాణు భారములను గూర్చిన తగవు తీర్చుటకు జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున రసాయనికుల సభ జరిగినది 1860లోనే. ఈ తేడాను ముందుగా చెప్పినచో అదియే ఒక మంచి పాఠమగును. చెప్పనిచో విద్యార్థికి తికమక మిగులును. అదిగాక భాస్వరము, పొటాసియము, ఉదజని పేలుడు మొదలగు ప్రయోగములు ఇందు కలవు. అవి పిల్లలు ఇంటివద్ద చేయదగినవి కావు. కావున దీనిని ముందు ఉపాధ్యాయుడు చదివి, ఒక్కొక్క ఉపన్యాసమును తరగతిలో ప్రమిద దీపముతోనో క్రొవ్వొత్తితోనో చేసి చూపుట మేలు.

వానపాము

ఛార్లెస్ డార్విన్ పేరు చెప్పగనే అందరును 'జాతుల పుట్టుక'ను సూచింతురు. అది పెద్ద గ్రంథము. పదవ తరగతి బాలునికి బరువు. అతనికి తగినది 1881లో, మరణమునకు ఆరు నెలల ముందు, డార్విన్ ప్రకటించిన వానపాముల గ్రంథము. వానపాములు మట్టిని మ్రింగి పైకి విసర్జించుట వలన నేల పైపొర ఎట్లు ఏర్పడుచున్నదో అందులో చూపబడినది. 1842లో తన యింటి దగ్గరి పొలమున సుద్ద ముక్కలు చల్లించి, 29 ఏండ్ల తరువాత, 1871లో అక్కడ కందకము త్రవ్వించెను. సుద్ద 7 అంగుళముల లోతున వరుసగా కనబడినది. ఏడాదికి సుమారు 6 మిల్లీమీటర్లన్నమాట! ఒక్క ప్రశ్నకు జవాబు కొరకు 29 ఏండ్లు వేచియుండుట ఎట్టిదో ఈ ఒక్క కొలత తెలుపును. వానపాములకు చెవులున్నవా అని తెలిసికొనుటకు వాని కుండీల వద్ద పియానో వాయించుట మొదలగు వినోదకరమైన పరీక్షలును కలవు. అవి స్వరమునకు చలింపలేదు. కాని కుండీలను పియానో పైననే ఉంచి వాయించినప్పుడు అదరు తగిలి బొరియలలోనికి పోయినవి.

దీని లోపమేమన, వివరములు విస్తారము. శిథిలములను గూర్చిన అధ్యాయములు బాలునికి విసుగు పుట్టించును. వానిని విడిచి చదువవచ్చునని ముందే చెప్పవలెను. మరియు అందలి అంకెలు ఇంగ్లండు నేలలకు చెందినవి. కోస్తా ఒండ్రునేలకు గాని, తెలంగాణ చెల్కనేలకు గాని, వేసవిలో నోరు తెరచు నల్లరేగడికి గాని అవి వర్తించునని తలపరాదు. వర్తించునో లేదో వానకాలమున బడి ఆవరణలో ఒక చదరపు మీటరు గీసి, వానపాములు పైకి నెట్టిన మట్టిని ప్రతిదినము తీసి, ఆరబెట్టి, తూచి చూడవచ్చును. ఆ లెక్కకు ఖర్చులేదు.

లెక్క

గణితమునకు జార్జి పోల్యా 1945లో ప్రకటించిన 'హౌ టు సాల్వ్ ఇట్' పేరు తరచుగా వినబడును. లెక్కను అర్థము చేసికొనుట, మార్గమును ఆలోచించుట, ఆ మార్గమున నడచుట, తిరిగి వెనుకకు చూచుట అని నాలుగు మెట్లు ఇందు చెప్పబడినవి. పెట్టె ఆకారము గల వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు తెలిసినప్పుడు దాని కర్ణమును కనుగొనుట పోల్యా తీసికొన్న మొదటి ఉదాహరణములలో ఒకటి. ఉపాధ్యాయుడు దీనిని తన తరగతి గదికే అన్వయింపవచ్చును. 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో వంగకుండ పట్టు వెదురుబొంగు మిక్కిలి పొడవు ఎంత? ముందు నేలమీది కర్ణమును, పిదప దానితో ఎత్తును కలిపి చూచిన 13 మీటర్లు వచ్చును. జవాబు రాగానే పోల్యా విడువడు. ఎత్తు సున్న అయినచో ఏమగును, మూడు కొలతలు రెట్టింపైనచో ఏమగును అని అడుగును. వెనుకకు చూచుట యనగా ఇదే.

ఈ గ్రంథమును విద్యార్థి చేతికిచ్చి ఊరకుండుట పొరపాటు. సగమునకు మించిన భాగము అక్షరక్రమమున కూర్చిన చిన్న నిఘంటువు. దానిని కథవలె మొదటినుండి చదువలేరు. ఇది ముఖ్యముగా ఉపాధ్యాయునికై వ్రాసినది. విద్యార్థికి ఇచ్చినచో అతడు నాలుగు మెట్లను నాలుగు మార్కుల జవాబుగా కంఠస్థము చేయు ప్రమాదము కలదు. అప్పుడు పోల్యా పోరాడినది దేనితోనో అదియే గెలిచినట్లగును.

పురుగుమందు

రేచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన 'సైలెంట్ స్ప్రింగ్' జీవశాస్త్రము చదువువారికి ముఖ్యమైన గ్రంథము. పురుగుమందులు ఆహారపు గొలుసు వెంట ఎట్లు పోగగునో ఇందు చెప్పబడినది. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సున, దోమలను పోలిన చిన్న కీటకములను చంపుటకు డి.డి.టి.ని పోలిన డి.డి.డి.ని కలిపిరి. నీటిలో అది పది లక్షల పాళ్లకు 0.02 పాలు మాత్రమే. చచ్చిన గ్రీబ్ పక్షుల క్రొవ్వులో పది లక్షలకు 1600 పాళ్లు ఉండెను. అనగా 80,000 రెట్లు! ఈ ఒక్క లెక్కను నల్లబల్లపై వేసినను చాలును.

ఐతే మెచ్చుకొనుచునే మూడు సంగతులు చెప్పవలెను. మొదటి అధ్యాయములోని పక్షులు కూయని ఊరు కల్పితము. రచయిత్రియే ఆ మాట చెప్పెను. దానిని నిజముగ జరిగిన సంఘటనవలె తరగతిలో చెప్పరాదు. రెండవది, పక్షుల గ్రుడ్ల పెంకులు పలుచబడుటకు బలమైన ఆధారము బ్రిటనులో ప్రకటింపబడినది 1967లో. అనగా ఆమె 1964లో మరణించిన పిదప. కావున అది ఈ పుస్తకములో దొరకదు. మూడవది, రసాయనములన్నియు మానివేయుమని ఆమె చెప్పలేదు. తెలియక, విచక్షణ లేక చల్లుటను ఖండించెను. అమెరికాలో డి.డి.టి. వాడుక చాలవరకు 1972లో నిషేధింపబడినది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడిక మాత్రము వ్యాధులను వ్యాపింపజేయు కీటకముల అదుపునకు దానిని వాడుటకు మినహాయింపు నిచ్చినది. ప్రత్తి, మిరప పండించు కుటుంబములనుండి వచ్చు మన విద్యార్థులు ఈ పుస్తకమును చదివినప్పుడు పెద్దలపై కోపము తెచ్చుకొనుట కంటె, డబ్బాపై నుండు రంగు గుర్తుకు అర్థమేమో, మోతాదు ఎంతయో చదివి ఇంట చెప్పుట ఎక్కువ ఉపయోగకరము.

పంచాంగము

పై నాలుగును ఇంగ్లీషు గ్రంథములు. తెలుగులో మాత్రమే సులభముగా చదువగల విద్యార్థికి మహీధర నళినీమోహన్ (1933–2005) వ్రాసిన 'కేలండర్ కథ' ఇవ్వవచ్చును. శాస్త్రవేత్తయైన నళినీమోహన్ చిన్నవారికి కథ చెప్పినట్లు విషయమును చెప్పు నేర్పు గలవాడు. ప్రతి యింట గోడకు వ్రేలాడు కేలండరును, దాని ప్రక్కనే ఉండు పంచాంగమును ఇందుకు ప్రయోగ సామగ్రి. 1900 లీపు సంవత్సరము గాక 2000 లీపు సంవత్సరమెట్లయినది? 400 ఏండ్లలో 97 లీపు సంవత్సరములున్నచో సగటు సంవత్సరము 365.2425 దినములని ఎట్లు తేలును? 1582లో కొన్ని దేశములలో అక్టోబరు 4 మరునాడు 15వ తేది ఎందుకు వచ్చెను? పుస్తకము చదివినవాడు ఇట్టి లెక్కలు తానే వేసి చూచుకొనవలెను. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘము సూచింపగా 1957 మార్చి 22న అమలునకు వచ్చిన మన జాతీయ శక కేలండరును, ఇంటి పంచాంగమును ప్రక్కప్రక్కన ఉంచి తేడాలు వ్రాసినచో చదివిన విషయము మనసున నిలుచును. కథవలె చదివి నవ్వుకొని విడిచినచో సగమే చదివినట్లు.

ఈ ఐదింటిలో దేనిని గూర్చియు 'తప్పక చదువుము' అని మాత్రమే చెప్పి ఊరకుండుటకు వీలు లేదని తేలుచున్నది. ఫారడే గ్రంథము ఉపాధ్యాయుని చేతిమీదుగా, డార్విన్‌ది కొన్ని అధ్యాయములు విడిచి, పోల్యాది ఉపాధ్యాయునికే, కార్సన్‌ది తరువాతి సంగతులు చేర్చి, నళినీమోహన్‌ది కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదువదగినవి. ఫారడే, డార్విన్ గ్రంథములకు కాపీరైటు గడువు తీరినది గనుక బీదబడులకును ఖర్చు లేక దొరకును.

పాఠశాల గ్రంథాలయమున ప్రతి శాస్త్ర గ్రంథము అట్ట లోపల ఒక చిన్న కాగితము అంటించి, పై మూడు ప్రశ్నలకు మూడు పంక్తులలో జవాబు వ్రాయించుట కష్టము కాదు. మొదటి పంక్తులు ఉపాధ్యాయుడు వ్రాయును. చదివిన విద్యార్థి వాని క్రింద తన మాట వ్రాయును: ఏ పుటవద్ద ఆగిపోయినాడో, ఏ ప్రయోగము చేసెనో, ఏది తప్పని తోచినదో. కొన్నేండ్లకు ఆ కాగితములే ఆ ఊరి పిల్లలకు తగిన పట్టికయగును. ఎక్కడనో ఎవరో కూర్చిన పట్టిక కంటె అది నమ్మదగినది.

ఫారడే తన పరిశోధన వ్యాసములను కృతజ్ఞతా సూచకముగ జేన్ మార్సెట్‌కు పంపుచుండెనట. తగిన పుస్తకము ఒక్కటి, తగిన వయసున, చేతికందినందుకు ఒక శాస్త్రవేత్త జీవితమంతయు తీర్చుకొన్న ఋణమది. విద్యార్థి అడిగిన ప్రశ్నకు పేరు చెప్పుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్క నిమిషము ఆలోచించుటకు ఈ కారణము చాలును.