నాయకురాలి ముఖం

మా పల్నాడులో ఎదురు మాట్లాడే ఆడపిల్లకి వేరే తిట్టు అక్కర్లేదు. "అబ్బో, నాయకురాలు నాగమ్మ బయల్దేరింది" అంటే చాలు. నరసరావుపేటలో చదువుకునే రోజుల్లో మా నాయనమ్మ నన్ను ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఆ నాగమ్మని నేను మొదటిసారి చూసింది టీవీలో, భానుమతి రూపంలో.

అది 1966లో గుత్తా రామినీడు తీసిన 'పల్నాటి యుద్ధం'. బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు. 1947లో వచ్చిన సినిమాలో నాగమ్మగా కన్నాంబ నటించింది.

కథ మనందరికీ తెలిసిందే. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టినవాడు. గురజాల కొలువులో మంత్రిణి అయిన నాగమ్మ, కోడిపందెంలో మాచర్ల వాళ్ళని ఓడించి అడవులకు పంపి, కారంపూడి యుద్ధానికి కారణమైంది. ఎత్తులు ఇద్దరూ వేశారు. కానీ అతనివి రాజనీతి అయ్యాయి, ఆమెవి జిత్తులయ్యాయి.

ఈ పాత్రకి భానుమతి రావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. 1939లో 'వరవిక్రయం'తో మొదలైన ఆమె, 1953 నాటికే 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. భర్త రామకృష్ణారావుతో కలిసి భరణీ సంస్థని నడిపింది. పాడింది, 'అత్తగారి కథలు' రాసింది. అయినా సినిమావాళ్ళ కబుర్లలో ఎక్కువగా వినపడేది ఆమె పొగరు గురించే. నిర్మాతతో పడక 'మిస్సమ్మ' వదులుకోవడాన్ని ఇప్పటికీ ఆమె తలబిరుసుకి ఉదాహరణగా చెప్తారు. అదే పని హీరో చేస్తే ఆత్మగౌరవం అనేవాళ్ళు కాదూ?

ఆజ్ఞాపించడం అలవాటైన ముఖం అది. అందుకే కథ ద్వేషించమన్న మనిషిని నేను ద్వేషించలేకపోయాను.

అలాగని నాగమ్మని నెత్తిన పెట్టుకుందామని కాదు. చాపకూడుకి ఎదురు నిలిచిన పక్షం ఆమెది. స్త్రీ అయినంత మాత్రాన ఆ ప్రశ్న నుంచి ఆమెకి మినహాయింపు ఇవ్వలేం. నేనడిగేది ఒక్కటే: ఆమెని తప్పుపట్టేటప్పుడు ఆమె రాజకీయాన్ని తప్పుపడుతున్నామా, ఆడది రాజకీయం చెయ్యడాన్నా?

ఆ రోజు నాయనమ్మ సినిమా అయ్యేదాకా వంటింట్లోకి వెళ్ళలేదు. నన్ను తిట్టడానికి వాడే ఆ పేరుగల మనిషిని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది.