అటకెక్కిన మనిషి

అమ్మమ్మ వాళ్ళ పెంకుటింట్లో అటకమీదికి మనుషులు ఎక్కేది ఏడాదికి రెండు మూడుసార్లే. ఆవకాయ జాడీలు ఎక్కించడానికోసారి, పెళ్ళికో తద్దినానికో గంగాళాలు దించడానికోసారి. మిగతా కాలమంతా అది ఎలుకల రాజ్యం. మూలపడ్డ పనిని అటకెక్కిందంటాం కదా, అది సామానుకే గానీ మనిషికి చోటు కాదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు నన్ను ఎక్కించారు. సెలవుల్లో బెజవాడ వన్‌టౌన్‌లో ఓ బట్టలకొట్లో చేరాను. కొట్టు ఇరుకే గానీ 13 అడుగుల ఎత్తు. షావుకారు గర్డర్లు వేయించి, చెక్కలు పరిపించి, ఒక కొట్టును రెండు చేశాడు. కింద బేరం, పైన సరుకు. గుమాస్తా "ఒరేయ్, వెంకటగిరి, పసుపు అంచు!" అని కేకేస్తే చెక్కల మధ్య కంతలోంచి కట్ట జారవిడవడం నా పని. కిందివాళ్ళకి 7 అడుగులు, గర్డరూ చెక్కా కలిపి అర అడుగు, నాకు అయిదున్నర. నా పొడుగు 5 అడుగుల 8 అంగుళాలు. ఫ్యాన్ గాలి కిందే ఆగిపోయేది, వేడి మాత్రం తప్పకుండా పైకొచ్చేది. నెల తిరిగేసరికి వీధిలో కూడా మెడ వంచుకునే నడిచేవాణ్ణి.

చాలా ఏళ్ళకి నేషనల్ బిల్డింగ్ కోడ్ తిరగేస్తే నా మెడనొప్పి దొరికింది. సామాను పెట్టుకునే అటక 1.5 మీటర్లకు మించకూడదట. మనిషి మసిలే మెజనైన్ 2.2 మీటర్లకు తగ్గకూడదట. నేనున్నది 1.68. అటూ కాదు, ఇటూ కాదు.

మొన్న మా బావమరిది గోడౌన్‌లో మధ్య అంతస్తు వేస్తానంటే వెళ్ళాను. అందరూ పైకి చూస్తున్నారు; నేను గచ్చు చూశాను. కాళ్ళకింద పునాది లేకుండా స్తంభాలు పలకలమీద నిలబెడితే బరువంతా ఆ నాలుగు చోట్లే దిగి గచ్చు పగులుతుంది. పైగా ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోల లెక్క వేస్తే, పుస్తకాల బీరువాలుండే గదికి 600 వేస్తారు. తాన్లు పేర్చినా పుస్తకాలకేం తీసిపోవు. అదంతా బుద్ధిగా విన్నాడు, పునాదులు తవ్విస్తానన్నాడు, కంత చుట్టూ రెయిలింగుకీ ఒప్పుకున్నాడు.

అప్పుడు టేపు పట్టాం. కిందా పైనా 2.2 మీటర్లు, మధ్యలో దూలం మందం, మొత్తం 15 అడుగులు కావాలి. ఉన్నది పదమూడున్నర.

"అడుగున్నరే కదా బావా," అన్నాడు, "పైకి పొట్టి కుర్రాణ్ణి చూసుకుంటాలే."