పని చెయ్యని పళ్ళచక్రం

గయ్ హింబర్ ‘స్టీమ్‌పంక్ లెగో’ 2014లో వచ్చింది. నో స్టార్చ్ ప్రెస్ వాళ్ళు వేశారు. రకరకాల బిల్డర్లు లెగో ఇటుకలతో కట్టిన ఆవిరి రైళ్ళు, గాలి ఓడలు, రోబోలు, ఇంకా పేరు పెట్టలేని బోలెడు యంత్రాలు. ఫోటోలు చూస్తే నిజంగా మతిపోతుంది. ఆ ఫోటోలన్నిటినీ ఒక కథ దారంతో గుచ్చారు. సర్ హెర్బర్ట్ జాబ్సన్ అనే కల్పిత పెద్దమనిషి లోకం తిరిగి, చూసిన వింతలన్నీ విక్టోరియా రాణికి ఉత్తరాలుగా రాస్తాడు. నాకు బొమ్మలు ఎంత నచ్చాయో, ఆ ఉత్తరాలు అంత ఇబ్బంది పెట్టాయి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బొమ్మలు ఎలా పని చేస్తాయో చూడాలి.

స్టీమ్‌పంక్ అన్న మాట 1987లో పుట్టింది. తనూ తన మిత్రులూ రాస్తున్న విక్టోరియన్ కాలపు ఫాంటసీలకి ఏదో ఒక పేరుండాలి కదా అని కె. డబ్ల్యు. జీటర్ ‘లోకస్’ పత్రికకి రాసిన ఉత్తరంలో సగం సరదాగా అన్నమాట అది. అప్పటికి సైబర్‌పంక్ జోరు మీదుంది, దాని మీద విసురు. 1990లో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ రాశారు. చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రం నిజంగానే పూర్తయి ఉంటే లండన్ ఏమయ్యేది అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ నవల్లో ఆవిరి ఉంది, అధికారం మీద అనుమానమూ ఉంది. తర్వాత తర్వాత ఆవిరి మిగిలింది. టోపీలు, గాగుల్స్, ఇత్తడి మిగిలాయి. అనుమానం ఆవిరైపోయింది.

ఈ ఇత్తడి ప్రపంచాన్ని ప్లాస్టిక్‌తో కట్టడం పైకి చూస్తే వింత కోరిక. లెగో ఇటుక పేటెంట్ 1958 జనవరి 28 నాటిది. అప్పటి ఇటుక ఇవాళ్టి ఇటుక మీద ఇప్పటికీ కూర్చుంటుంది. ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకి 8 మిల్లీమీటర్లు, అంతే. ఆ గళ్ళు దాటి పోవడం కుదరదు. పద్యానికి గణాలూ యతులూ ఎలాగో బిల్డర్‌కి ఈ 8 మిల్లీమీటర్లు అలాగ. ఇత్తడి కావాలంటే ముత్యపు మెరుపున్న బంగారు రంగు ముక్కలు వెతుక్కోవాలి. తుప్పుకీ తోలుకీ ఎర్రటి గోధుమ రంగు. గుండ్రటి బాయిలర్ కావాలంటే చతురస్రపు ముక్కల్ని పక్కకి తిప్పి, బుడిపెలు కనపడకుండా లోపల దాచి కట్టాలి.

మంచి బిల్డర్ల అసలు ప్రతిభ మాత్రం ఇంకోచోట ఉంది. బొమ్మ మనిషి చేతిలోని బైనాక్యులర్ హెడ్‌లైట్ అవుతుంది. ఓడ చుక్కాని ఆవిరి తిప్పే వాల్వ్ అవుతుంది. కొళాయి ముక్క ఎక్కడైనా ఒదిగిపోతుంది. అరిగిపోయిన మాటని ఎవరూ ఊహించని చోట పెట్టి కవి ఏం చేస్తాడో, వీళ్ళూ అదే చేస్తారు. ఈ పుస్తకంలో అలాంటి చోట్లు దొరికినప్పుడల్లా నేను పేజీ తిప్పకుండా ఆగిపోయాను.

మరి పేచీ ఎక్కడ? పళ్ళచక్రాల దగ్గర. లెగో టెక్నిక్‌లో 8, 16, 24, 40 పళ్ళున్న చక్రాలు దొరుకుతాయి. 8 పళ్ళది మూడుసార్లు తిరిగితే 24 పళ్ళది ఒక్కసారి తిరుగుతుంది. అంటే ఈ బొమ్మకి లెక్క వచ్చు. అయినా స్టీమ్‌పంక్ మోడళ్ళలో ఎక్కువసార్లు చక్రం గోడకి బొట్టుబిళ్ళలా అతికి ఉంటుంది. పక్క చక్రాన్ని తాకదు, తాకినా తిప్పదు. అలంకారం తప్పని నేననను. కాసులపేరులో కాసుల్ని ఎవరూ ఖర్చు పెట్టరు కదా. కాకపోతే, యంత్రం లోపల ఏం జరుగుతుందో కళ్ళకి కనపడాలన్న ఆశతో పుట్టిన శైలి ఇది. అందులో చక్రమే నటిస్తే ఇక మిగిలేదేముంది?

ఆండ్రూ కేరల్ పనిని పక్కన పెట్టి చూడండి. ఆయన లెగో ముక్కలతో బాబేజ్ డిఫరెన్స్ ఇంజిన్ తరహాలో పనిచేసే యంత్రం కట్టాడు, తర్వాత గ్రహణాల లెక్క చెప్పే ప్రాచీన గ్రీకు యాంటికిథెరా యంత్రాన్నీ కట్టాడు. వాటికి ఇత్తడి సోకుల్లేవు. పిడి తిప్పితే అంకెలు నిజంగా కూడుకుంటాయి. బాబేజ్ తన యంత్రాన్ని పూర్తిగా చూడకుండానే పోయాడు. ఆయన రెండో డిజైన్‌లో లెక్కలు చేసే భాగాన్ని లండన్ సైన్స్ మ్యూజియం 1991లో కట్టి, అది పనిచేస్తుందని చూపించింది. ‘అలా జరిగి ఉంటే’ అన్న ప్రశ్నకి, నా లెక్కలో, గాలి ఓడల కన్నా కేరల్ చక్రాలే దగ్గర.

ఇప్పుడు ఉత్తరాల దగ్గరకొస్తాను. విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపింది 1877 జనవరి 1న. సరిగ్గా అప్పుడే మద్రాసు ప్రెసిడెన్సీ ధాత నామ సంవత్సరపు కరువులో ఉంది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం చచ్చిపోతున్నారు. ధాన్యం దేశం దాటి పోతూనే ఉంది. కరువు తీరుస్తాయన్న రైళ్ళే, ధర ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి గింజల్ని లాక్కుపోయాయి. ఆవిరి యంత్రం మనకి కేవలం ఊహ కాదు, అనుభవం. 1889లో ఇల్లందులో మొదలైన తవ్వకం కూడా ఆ కాలపు బొగ్గు ఆకలిలో భాగమే. ఆ బొగ్గుని ఎవరో ఒకరు తవ్వారు, ఎవరో ఒకరు పారతో పొయ్యిలోకి విసిరారు. టోపీ పెట్టుకున్న కెప్టెన్‌నీ, గాగుల్స్ పెట్టుకున్న శాస్త్రవేత్తనీ చూపించే ఈ శైలి ఆ పార మనిషిని చూడడం దాదాపు మానేసింది. గోడకి అతికిన చక్రం లాగే, ఈ ప్రపంచంలో ఆవిరికి కూడా శ్రమ లేదు.

బొమ్మల మీద ఇంత బరువు పెట్టాలా అని అడగొచ్చు. జాబ్సన్ డాబుసరి మాటలు వేళాకోళమే కదా అని కూడా అనొచ్చు. నిజమే, హింబర్ తన దొరని చూసి నవ్వుతున్నాడు. దొరని చూసి నవ్వుతాడు గానీ, కవరు మీది చిరునామాని మాత్రం అనుమానించడు. బొమ్మ అమాయకం అన్న వాదన లెగోకే నప్పదు. ఇవాళ్టి యుద్ధాల ఆయుధాల్ని బొమ్మలుగా చెయ్యకూడదని ఆ కంపెనీయే ఎప్పటి నుంచో ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ ముక్క ఏ కథని మోస్తుందో వాళ్ళకి తెలుసు.

అయినా ఈ పుస్తకాన్ని చూడమనే చెప్తాను. చూశాక పక్కన పెట్టి మీరే ఏదైనా కట్టమంటాను. దీనికి జవాబు ఆవిరి రైలు మీద చార్మినార్ అతికించడం కాదు, అది ఇంకో రకం బొట్టుబిళ్ళ. 8 బుడిపెల ఇటుకలు ఆరింటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్క కట్టారు. అన్ని దారులున్న ఆటలో అందరూ ఒకే రాణికి ఉత్తరం రాయక్కర్లేదు. ఇంజిన్ పక్కన పార పట్టుకున్న ఒక మనిషిని నిలబెట్టండి. పిడి తిప్పితే ఒక్క చక్రమైనా తిరిగేలా చూడండి. నాకు కావలసిన పంక్ అంతవరకే.